తిన్నగా పోని జీపు

జూన్ 15

తాగలేదు.

రోజూ ముందు ఈ మాట రాయమన్నారు తాగుడు మాన్పించే సెంటరులో మేడమ్. తర్వాత ఏం రాసుకున్నా నా ఇష్టమట. సరే, రాస్తున్నాను.

చేపల వేట మీద నిషేధం నిన్నటితో అయిపోయింది. తెల్లవారేసరికి మా పాళెం పడవలన్నీ సముద్రంలోకి పోయాయి. నేను ఒడ్డున జీపు పక్కన నిలబడి చూశాను. ఇదివరకు నేనూ ఒక పడవకు చుక్కాని పట్టేవాణ్ణి. తాగుడు వల్ల దించేశారు. ఇప్పుడు పడవలు తెచ్చిన చేపల పెట్టెల్ని ఇసక దాటించి, ఐసు వేసి, నెల్లూరు మార్కెట్టుకు చేర్చడం నా పని. జీపు ఊరందరిది, తాళాలు మాత్రం నా దగ్గర ఉంటాయి.

ఆ జీపును ఇవాళ చూస్తే నాకే కొత్తగా ఉంది. పోయిన తుపానుకు ఒడ్డుకూ రోడ్డుకూ మధ్య కొత్తగా ఉప్పునీటి కాలవ పడింది. అందులో దిగినప్పుడల్లా ఇంజన్‌లోకి నీళ్ళు పోయేవి. వేట లేని ఈ రెండు నెలల్లో క్రాంతి కుమార్ పూనుకుని బండిని ఎత్తు లేపించాడు. క్రాంతి మా పెద్దకాపు, అంటే ఊరి పెద్ద, గంగులయ్యకు మేనల్లుడు, రాత్రి ఫోనులో ఏ వీడియో చూస్తే పొద్దున అది మొదలుపెట్టే రకం. ఇరుసు మీద బండిని మోసే కమాను కట్టలు వేలాడే పట్టీలు పొడుగువి చేయించాడు, పెద్ద టైర్లు వేయించాడు. పట్టీలు చేసింది మా పడవలకు ఇంజన్లు బిగించే వెల్డరే. ఇప్పుడు సీటెక్కాలంటే లుంగీ పైకి కట్టి గెంతాలి. కాలవ మాత్రం దర్జాగా దాటింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు, నాకూ సంతోషమేసింది.

సాయంత్రం నా భార్య రోజా దగ్గరకొచ్చి, నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, తర్వాత అన్నం పెట్టింది. రోజూ ఉండేదే. పెద్దకాపు ముందు వల మీద చెయ్యి వేసి నేనే ఒప్పుకున్నాను. మళ్ళీ తాగితే తాళాలు ఇచ్చేయాలి, రోజా కూతుర్ని తీసుకుని చిట్టమూరులో పుట్టింటికి వెళ్ళిపోవచ్చు. కాబట్టి వాసన చూస్తే నాకు కోపం లేదు.

జూన్ 16

తాగలేదు. రోడ్డెక్కాక బండి కాస్త పక్కకు పోతున్నట్టుంది. కొత్త టైర్లు కదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది.

జూన్ 18

తాగలేదు.

టైర్ల సంగతి కాదు ఇది. మైపాడు రోడ్డు మీద ఐసు పెట్టెలతో కొంచెం వేగం అందుకున్నానో లేదో, బండి మెల్లగా ఎడమకు జరిగింది. కుడికి తిప్పాను. కుడికి వచ్చింది, వచ్చి ఆగకుండా ఇంకా కుడికి పోయింది. మళ్ళీ ఎడమకు తిప్పాను. మామూలుగా మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అదే వెనక్కి వస్తుంది కదా, ఇది రావడం లేదు. తిప్పినచోటే ఉండిపోతోంది, నేనే లాగి తేవాలి. పైగా సముద్రం గాలి. రోడ్డంతా నేనే కొన్నట్టు అటూ ఇటూ పోయాను.

ఎదురుగా వచ్చిన బస్సు డ్రైవరు ఆపి తల బయటపెట్టాడు. "ఏమయ్యో, పొద్దున్నే పోసుకున్నావా?" అన్నాడు. బస్సులో చేపలమ్మే మా వీధి ఆదిశేషమ్మ ఉంది. ఇంక చెప్పేదేముంది. నేను ఇల్లు చేరకముందే కబురు చేరింది.

రోజా ఒకసారి వాసన చూసింది, మళ్ళీ చూసింది. "ఊదు" అంది. ఊదాను.

"అటూ ఇటూ ఊగతా పోతా ఉండావంట. ఆదిశేషమ్మత్త చెప్పింది."

"ఊగేది బండి రోజా, నేను కాదు."

"దానంతట అదే ఊగతాదా మావా?"

అన్నం పెట్టింది, కానీ ఎదురుగా కూర్చోలేదు.

జూన్ 21

తాగలేదు. నెల్లూరులో అలైన్‌మెంట్ చేయించాను. అక్కడి మెకానిక్ చక్రాలకు ఏవో పలకలు తగిలించి కంప్యూటర్‌లో చూశాడు. ముందు చక్రాలు లోపలికి తిరిగి ఉన్నాయట, సరిచేశాడు. తెర మీద అన్నీ పచ్చగా వచ్చాయి, ఒక్కటి మాత్రం ఎర్రగా ఉండిపోయింది. అదేంటని అడిగాను. "ఈ బండికి అది తిప్పేదానికి లేదన్నా, వదిలెయ్" అన్నాడు. తెలిసినవాడు చెబుతున్నాడు కదా, వదిలేశాను.

జూన్ 22

తాగలేదు. తిన్నగా పోలేదు.

జూన్ 27

తాగలేదు.

గంగులయ్య పిలిపించాడు. వీధిలో వల బాగుచేస్తున్నారు. చుట్టూ పదిమంది ఉన్నారు, నలుగురికీ వినపడాలనే పిలిచినట్టుంది.

"ఏం పెంచలూ, మళ్ళా మొదలుపెట్టినావా?"

"లేదన్నా. బండి నిలబడటం లేదు. లేపినాక ఎట్టనో అయిపోయింది."

"పడవ ఊగిందంటే ఎవుర్ని తిడతాం? పడవనా, పట్టినోడినా?"

అందరూ నవ్వారు. నవ్వాల్సిన మాటే మరి. సముద్రంలో ఏ పడవా దానంతట అది తిన్నగా పోదు. అల ఒకవైపు తోస్తుంది, గాలి ఒకవైపు తోస్తుంది, చుక్కాని మీద చెయ్యి సర్దుతూనే ఉండాలి. పడవ వంకరగా పోయిందంటే ఆ చెయ్యి బాగాలేదనే అర్థం. ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ అదే తెలుసు, జీపు నడపడం మాత్రం నాకు తప్ప ఎవరికీ సరిగ్గా రాదు. క్రాంతికి లైసెన్సు ఉంది, ఒడ్డున తిప్పి ఫోటోలు దిగుతాడు, అంతే. నేనే ఆ వల పక్కన కూర్చుని ఉంటే నేనూ నవ్వేవాణ్ణి.

"ఈ తూరి పోనిస్తా ఉండా. జాగర్త" అన్నాడు గంగులయ్య.

క్రాంతి అక్కడే ఉన్నాడు. ఫోను చూసుకుంటున్నాడు.

జూన్ 28

తాగలేదు. నాకు కోపం లేదు.

జూలై 2

తాగలేదు.

మా అమ్మాయి వెన్నెలకు ఇవాళ కాలేజీలో పరీక్ష ఉంది. బస్సు తప్పిపోయింది, నేను ఎలాగూ నెల్లూరు పోతున్నాను కదా అని ఎక్కించుకున్నాను. పిల్ల చాలా రోజుల తర్వాత నా పక్కన కూర్చుంది. నెమ్మదిగానే పోనిచ్చాను. ఊళ్ళు దాటాక గాలి తగిలి బండి పక్కకు లాగింది, సర్దాను, ఇటు లాగింది, సర్దాను. వెన్నెల ముందున్న కడ్డీ గట్టిగా పట్టుకుంది. నా వైపు చూడలేదు, రోడ్డు వైపే చూసింది.

తర్వాతి స్టాపు దగ్గర "నాన్నా, ఈడ ఆపు. బస్సులో పోతాలే" అంది.

"తాగలేదు తల్లీ" అన్నాను.

"నేనేం అన్లేదు గదా నాన్నా."

దిగింది. బస్సు కోసం నిలబడి, నా బండి కనుమరుగయ్యేదాకా అటు తిరిగే ఉంది. అంత దిగులు ఇంతకుముందు తాగిన రోజుల్లో కూడా నాకు కలగలేదు. అప్పుడు తప్పు నాదని నాకు తెలుసు కాబట్టి కాబోలు.

జూలై 5

తాగలేదు.

ఈ మాట రాయబోతుంటే ఇవాళ నాకే అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళు సారా తాగిన ఒళ్ళు, నరాలు ఏమైనా పాడయ్యాయేమో. మానేశాక కూడా కొన్నాళ్ళు చేతులు వణకవచ్చని మేడమ్ చెప్పారు. అద్దం ముందు చేతులు చాపి చూసుకున్నాను. వణకడం లేదు. అలాగే చూస్తూ ఉంటే వణుకుతున్నట్టే ఉంది. చిరిగిన వల ఒకటి ముందేసుకుని ముడులు వేశాను. ఒక్క ముడి తప్పలేదు. అయినా నమ్మకం కుదరలేదు, ఇంకో చిరుగు వెతికి అదీ కుట్టాను.

మధ్యాహ్నం బండి తీసి ఒడ్డున నడిపాను. ఇసక మీద బుద్ధిమంతురాలిలా పోయింది. రోడ్డెక్కించి నెమ్మదిగా నడిపాను, బాగానే పోయింది. వేగం పెంచాను, మొదలుపెట్టింది. చేతుల్లో తప్పుంటే నెమ్మదిగా పోయేటప్పుడు కూడా ఉండాలి కదా? వేగం చూసి వణికే చేతులు ఎక్కడైనా ఉంటాయా? ఈ మాట ఎవరికైనా చెబుదామనిపించింది. దారిపొడుగునా ఆలోచించాను, ఒక్క మనిషి కూడా తట్టలేదు.

ఇంటికొచ్చి రోజాకు చెప్పబోయాను. ఆమె అప్పటికే ముక్కు దగ్గరకు తెచ్చింది. నోరు తెరిచి ఊరుకున్నాను.

జూలై 6

తాగలేదు. మళ్ళీ అలైన్‌మెంట్. అన్నీ సరిగ్గా ఉన్నాయట. ఆ ఎర్రది మళ్ళీ ఎర్రగానే ఉంది. "బండిలో ఏం లేదన్నా. నువ్వు ఎట్ట పట్టుకుంటా ఉండావో చూసుకో" అంటూ కొంచెం ముందుకు వంగాడు. అలా వంగడం ఎందుకో నాకు బాగా తెలుసు. నాకు కోపం లేదు. అలసటగా ఉంది.

జూలై 9

తాగలేదు. తాగలేదు.

పొద్దున మలుపు దగ్గర లారీ ఒకటి దాటిపోయింది. ఆ గాలికి బండి ఎడమకు లాగింది, తిప్పాను, అవతలికి పోయింది, మళ్ళీ తిప్పేలోగా రోడ్డు దిగి నారుమడిలో పడింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఐసు పెట్టెలు తిరగబడి చేపలన్నీ బురదలో పడ్డాయి. మడి యజమాని పరుగెత్తుకొచ్చి నా కాలరు పట్టుకుని ముందు నోరు వాసన చూశాడు. అందరూ ముక్కులతోనే వస్తున్నారు నా దగ్గరికి.

గంగులయ్య వచ్చాడు. తిట్టలేదు. చెయ్యి చాపాడు.

"నేను తాగలేదన్నా."

"తాగినావో లేదో నాకెందుకయ్యా. బండి బురదలో ఉండాది గదా."

తాళాలు ఇచ్చేశాను. రేపటినుంచి క్రాంతి నడుపుతాడట.

సాయంత్రం రోజా వాసన చూడలేదు. నేనే దగ్గరికి పోయాను.

"ఎందుకులే మావా. వాసన రాకుండా తాగేది కూడా నేర్చుకోనుంటావు" అంది.

ఇన్నాళ్ళుగా నేను దేన్ని పట్టుకుని ఆగానో అది కూడా పోయింది.

జూలై 10

తాగలేదు. రోజా, వెన్నెల పొద్దున బస్సుకు చిట్టమూరు పోయారు. ఎన్నాళ్ళని చెప్పలేదు. అన్నం వండి, మూతపెట్టి పోయింది.

జూలై 11

తాగలేదు.

మధ్యాహ్నం క్రాంతి వచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది, గుమ్మం దగ్గరే కూలబడ్డాడు.

"అన్నా, అది బండి కాదన్నా. యాడికి తిప్పితే ఆడికే పోతా ఉండాది, ఎనక్కి రాదే! రొంతలో తప్పింది, లేకుంటే కాలవలో పడుండేవాణ్ణి."

"వీడియోలో చెప్పలేదా?" అన్నాను.

తల వంచుకున్నాడు. మామతో చెప్పాడట. నీకు అలవాటు లేదులే అన్నాడట ఆయన. అప్పుడు వీడు పెద్దకాపును పక్కన ఎక్కించుకుని రోడ్డు మీద వేగంగా తోలాడట. తిరిగొచ్చి దిగాక గంగులయ్య బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడట. తర్వాత "పెంచల్ను తోడుకోని పోయి బాగుచేయించు" అన్నాడట.

"వొదినకు కూడా ఫోన్ చేసి చెప్పినానన్నా. తప్పు నీది కాదని చెప్పినా."

"ఏమంది?"

"ఏం అన్లా. పెట్టేసింది."

ఎప్పుడో ఒకప్పుడు ఈ రోజు వస్తుందని, వస్తే ఎంతో సంతోషంగా ఉంటుందని అనుకున్నాను. నిద్ర వచ్చింది. పట్టపగలు పడుకున్నాను.

జూలై 13

తాగలేదు.

కోవూరులో పద్మనాభయ్య అని ఉన్నాడు. వడ్లు తోలే ట్రాక్టర్లకూ లారీలకూ కమాను కట్టలు కడతాడు. నెమ్మదిగా, గాలి లేని వేళ చూసుకుని, అక్కడికి నడిపించుకుపోయాం. మోకాళ్ళ నొప్పులట, బండి కిందికి దూరినంతసేపూ మూలుగుతూనే ఉన్నాడు.

"ఎవరయ్యా దీన్ని లేపింది?"

క్రాంతి నేల చూశాడు.

"ముందు పట్టీ పొడుగు చేసినారు. కమాను ముందు కొస కిందికి దిగింది, దాంతోబాటు ఇరుసు కూడా ముందుకు తిరుక్కునింది. సైకిలు చూసుండారా? ముందు ఫోర్కు పైన రొంత ఎనక్కి వాలి ఉంటాది. అందుకే చేతులొదిలేసినా తిన్నగా పోతాది. చక్రానికి ఆ వాలుండాల. మీదానికి అది పోయింది. ఇంక ఎవుడు పట్టుకున్నా ఇంతే."

"అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను" అన్నాను.

"వాళ్ళు చక్రాలు లోపలికి తిరిగినాయా బయటికి తిరిగినాయా చూసి సర్దుతారు. ఈ వాలు మార్చేదానికి దీనికి బోల్టు లేదు. కమానుకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు ఇనప ముక్కలు పెట్టాల. లేతులో కోయించి పెడతా, ఎల్లుండి రాండి." తర్వాత మోకాళ్ళకు నెల్లూరులో ఏ డాక్టరు మంచివాడని మమ్మల్నే అడిగాడు.

వచ్చేటప్పుడు బస్సులో క్రాంతి "తప్పయిపోయిందన్నా" అన్నాడు. పోనీలే అన్నాను. ఇన్నాళ్ళు నేను నా చేతులు చూసుకున్నాను. వీడు ఒక్కసారి కూడా ఆ చక్రాల వైపు చూడలేదు. పదిమందిలో నన్ను నిలబెట్టిన రోజు ఫోను చూసుకున్నాడు.

నాకు కోపం లేదని రాయబోయాను. ఉంది. అందరిమీదా ఉంది. రోజా మీద ఇంకా ఎక్కువ ఉంది.

జూలై 14

వాన. వేటకు ఎవరూ పోలేదు. ఇంట్లో ఎవరూ లేరు. సాయంత్రం ఊరికే మైపాడు దాకా నడిచి వచ్చాను.

జూలై 15

పొద్దున ఒక్కణ్ణే కోవూరు పోయాను. బండి తయారుగా ఉంది.

మొదటి మాట ఇవాళ రాయలేదు. నిన్న కూడా రాయలేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా నిన్న నేను నడక అని రాసుకున్నాను. నడిచిన మాట నిజమే. మైపాడులో మందు షాపు తెరిచే ఉంది.

ఎందుకు తాగానంటే చెప్పలేను. అందరూ నన్ను నమ్మనప్పుడు ఆగగలిగాను. నువ్వు మంచివాడివేనని తేలిన మర్నాడు ఆగలేకపోయాను. ఇన్ని ముక్కుల మధ్య బతికాను కదా, ఒక్క పూట ముక్కు లేని చోట కూర్చోవాలనిపించింది. ఇదంతా సాకు. ఇవాళ కోవూరులో కూడా తాగాను, తాళాలు చేతికి వచ్చాక. దానికి సాకు కూడా లేదు.

తాగి పెన్నా బ్రిడ్జి ఎక్కాను. గాలి బాగా వీస్తోంది. బండి పక్కకు కదల్లేదు. మైపాడు రోడ్డు మీద వేగం పెంచాను, గీత గీసినట్టు పోయింది. మలుపు తిరిగాక స్టీరింగ్ నా చేతుల్లోంచి దానంతట అదే వెనక్కి వచ్చింది. ఒకచోట రెండు చేతులూ వదిలేశాను. అయినా తిన్నగానే పోయింది. నాకు భయమేసింది. ఇన్నాళ్ళూ ఊగిన ఊగుడులో ఎప్పుడూ అంత భయపడలేదు. ఎదురుగా ఆ బస్సు వచ్చింది, డ్రైవరు నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు.

వీధి మొదట్లో గంగులయ్య నిలబడి ఉన్నాడు. నలుగురి ముందూ "తప్పు మాది పెంచలూ. తాళాలు నీకాడే ఉండనీ" అన్నాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అవసరం లేకపోయింది, ఎవరూ ముందుకు వంగలేదు. ఆదిశేషమ్మ సిగ్గుపడుతూ రొయ్యలు ఇచ్చిపోయింది.

ఇంటికి పోతే తలుపు తీసి ఉంది. రోజా వచ్చింది. రొయ్యలు తీసుకుని లోపలికి పోయింది. నేను పెరట్లోనే స్నానం చేసి, పెరట్లోనే కూర్చున్నాను. వెన్నెల వచ్చి పక్కన నిలబడింది.

"నాన్నా, రేపు నన్ను కాలేజీ కాడ దించతావా? జీపులోనే వస్తా."

దించుతానన్నాను. వెన్నెల లోపలికి పోయేదాకా ఆ మాట నా నోట్లోనే ఉన్నట్టుంది.

చీకటి పడకముందే రోజా కంచం పెట్టి, నా ఎదురుగా కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంక నేను వాసన చూడను మావా. చిట్టమూరులో అయిదు దినాలూ అదే అనుకున్నా. నిన్ను కుక్క మాదిరి వాసన చూసినా. ఇంక ఎప్పుడూ చూడను" అంది.

ఊరుకుంటే సరిపోయేది. కంచంలో చెయ్యి పెట్టి నాలుగు ముద్దలు తింటే అయిపోయేది. లోపల వెన్నెల రేపటి బట్టలు తీసి పెట్టుకుంటున్న చప్పుడు వినపడింది.

నేనే ముందుకు వంగి, రోజా మొహం దగ్గర నోరు తెరిచాను.

ఆమె మొదట అర్థంకానట్టు చూసింది. తర్వాత వెనక్కి జరగలేదు, అలాగే కూర్చుండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, లేచి అరుస్తుందనుకున్నాను. నా కంచంలో రొయ్యల కూర వేసింది.

"ఇన్ని దినాలు లేనిదాని కోసం చూసినా. ఇవాళ ఉండేది నేను చూడలేదనుకో. పెద్దకాపుతో కూడా చెప్పను" అంది. "రేపు చూస్తా. రేపు ఉంటే మాత్రం చిట్టమూరు పోతా, మళ్ళా రాను."

"సరే" అన్నాను.

"తాళాలు ఇటియ్. రేపు క్రాంతి తోలతాడు, నీకు జొరమని చెప్తా."

ఇచ్చాను. వెన్నెలను పిలిచి, రేపటికి బస్సులోనే పొమ్మంది. వెన్నెల ఒకసారి నా వైపు చూసింది. ఎందుకని అడగలేదు.